తూము లేని కాలువకు ధన్యవాదాలు

మా ఊరు వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఒకదాన్నొకటి తాకే అంచున ఉంటుంది. ఊరి పొలాల మధ్య నుంచి తారురోడ్డు పోతుంది. మా మామయ్య భూమి పంచినప్పుడు రోడ్డుకు పైనున్న చేను మా ఆయనకు, కిందున్నది మరిదికి వచ్చాయి. అప్పట్లో అందులో ఎక్కువ తక్కువలేమీ కనిపించలేదు. రెండూ వానను నమ్ముకున్నవే, రెండూ ఎండేవే. ఎత్తిపోతల కాలువ వచ్చాకే పైచేను, కిందిచేను అన్న మాటలకు అర్థం పుట్టింది.

నీళ్లు రోడ్డు దాకా వచ్చి ఆగిపోయాయి. రోడ్డుకు అవతల కూడా పిల్లకాలువ తవ్వారు, గట్లు పోశారు. కానీ రోడ్డు కింద నుంచి నీళ్లు దాటడానికి తూము వేయలేదు. కాలువల వాళ్లను అడిగితే రోడ్ల వాళ్లు పర్మిషన్ ఇవ్వాలన్నారు. రోడ్ల వాళ్లను అడిగితే తమకు కాగితమే రాలేదన్నారు. ఇవతల నీళ్లున్న కాలువ, అవతల కంప మొలిచిన కాలువ, నడుమ తారురోడ్డు.

నీళ్లు లేకే, కాలువకు ముందు నుంచీ మరిది, తోటికోడలు ఏటా పుణె వెళ్లేవాళ్లు. దీపావళి పోగానే మేస్త్రి వచ్చి పేర్లు రాసుకునేవాడు. కడుతున్న ఇళ్ల దగ్గర రేకుల షెడ్డులో ఉండి, పని చేసి, వానలకు తిరిగొచ్చేవాళ్లు. వాళ్ల కూతురు సగం ఏడు మా ఊరి బడిలో ఉండేది, సగం ఏడు ఏ బడిలోనూ ఉండేది కాదు. నా దగ్గర వదలమని ఎన్నోసార్లు అడిగాను. “నువ్వు మంచిగనే చూస్తవక్కా, అది నన్నిడిచి ఉండదు, నేను దాన్నిడిచి ఉండ” అనేది తోటికోడలు.

ఆ ఏడు మాత్రం వానలు తగ్గుతుండగా మా ఇంటికి వచ్చి కూర్చుని వేరే మాట చెప్పింది.

“ఈసారి నీళ్లొస్తె పోమక్కా. పల్లి ఏస్తం. పిల్ల ఎదుగుతున్నది. ఆ రేకుల షెడ్డుల పెద్దమనిషైతే నేనేం జెయ్యాలె? చాటు లేదు, మాటు లేదు.”

ఆ నీళ్ల విషయంలో అందరికంటే నా బాధ్యతే ఎక్కువని తర్వాత తెలిసింది. అప్పటికి ఇంకా తెలియదు.

నేను బడికి పోలేదు. గద్వాల దగ్గర మా పుట్టింట్లో మా నాయనే చదువు చెప్పాడు. చాటలో సన్నమన్ను పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించేవాడు. తప్పు పడితే చాటను ఒక్కసారి కదిపేవాడు, తప్పు మాయమయ్యేది. తిట్టినట్టు గుర్తు లేదు. పొద్దున్నే స్నానం చేసి రామకోటి ఒక పేజీ రాస్తే గానీ పొయ్యి ముట్టించకపోవడం కూడా ఆయన నేర్పిన అలవాటే. ఆ రాత వల్ల నా అక్షరం గుండ్రంగా, ఒద్దికగా ఉంటుంది. ఊళ్లో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. ఇంట్లో కూర్చోబెట్టి చదువు ఇచ్చిన ఆ తండ్రికి రోజూ దండం పెట్టుకుంటాను.

అంతకు ముందటేడు రోడ్డు దాకా నీళ్లు వచ్చిన రోజు ఊరంతా కాలువ గట్టు మీదికి వెళ్లింది. ఆడవాళ్లం పసుపు కుంకుమలు, గాజులు నీళ్లలో వదిలాం. మా ఆయన అరవై ఏళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా నీళ్లలో దిగి నిలబడ్డాడు. అప్పుడు కాలువల ఇంజనీరు, చిన్న వయసువాడే, నా దగ్గరికి వచ్చాడు. “అమ్మా, మీరు మంచిగ రాస్తరంట. ప్రభుత్వానికి ధన్యవాదాలని రెండు ముక్కలు రాసి, అందరితోని సంతకాలు చేయిస్తే మాకు జర బలంగ ఉంటది” అన్నాడు. పెళ్లి చేసిన ఇంటివాళ్లు వచ్చినవాళ్లను నాలుగు మంచి మాటలు అడిగినట్టే ఉంది. నేను సంతోషంగా గట్టు మీదే కూర్చుని రాశాను. కృష్ణమ్మ మా గడప తొక్కింది, మా ఊరి రైతులందరి పొలాలూ తడిశాయి, ఈ మేలు మరవలేము అని రాశాను.

సంతకాలు పెట్టేటప్పుడు తోటికోడలు వెనకాడింది. “మా తాన రాలేదు గదక్కా. వచ్చిందని ఎట్ల పెట్టాలె?”

“రేపో మాపో తూము ఏస్తమంటుండు గదా సారు.”

“ఏసినంక పెడత.”

“దేవునికి మొక్కేటప్పుడు ఇచ్చినంక దండం పెడతమా పిల్లా? ముందు దండం, తర్వాత వరం.”

ఆమె నా ముఖం చూసింది, పెన్ను తీసుకుని పేరు రాసింది. ఆమె పెట్టింది చూసి రోడ్డుకు కిందివాళ్లందరూ పెట్టారు. ఏడాది గడిచింది. తూము రాలేదు.

అందుకే తోటికోడలు అలా అడిగిన మర్నాడే ఇద్దరం బస్సెక్కి ఎమ్మెల్యే గారి ఆఫీసుకు వెళ్లాం. ఆయన లేరు. బల్ల దగ్గర ఒక రిటైరైన పంతులు ఉన్నారు. కల్వకుర్తి దిక్కు బడుల్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పారట. ఎమ్మెల్యే సభలో అడిగే ప్రశ్నలు రాసిపెట్టేది ఆయనే.

“ఏం కావాలమ్మా?” అన్నారు.

“నీళ్లు సారూ” అంది తోటికోడలు.

“నీళ్లు అందరికి కావాలె. సభల ఏం అడగాలె, అది చెప్పు.”

నేను కాలువ సంగతి చెప్పాను. చివరి పొలాలకు నీళ్లు లేవని, పని సగంలో ఉందని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, కాగితం మీద మూడు గీతలు గీశారు.

“చూడమ్మా, మా ఊరికి నీళ్లియ్యుండ్రి అంటే అది అర్జీ. ప్రశ్నకు ఒక తీరుంటది. మొదటిది, ఇది నిజమేనా? రెండోది, నిజమైతే కారణమేంది? మూడోది, ఎప్పటిలోపల చేస్తరు? మొదటిదానికి మంత్రి లేదండీ అన్నడనుకో, మిగిలిన రెండిటికి ప్రశ్న ఉత్పన్నం కాదంటడు.”

“అంటే ఏంది సారూ?” అంది తోటికోడలు.

“అంటే ఆ ప్రశ్న పుట్టనే లేదన్నట్టు.”

“పుట్టనిదాన్ని గూడ సంపుతరా మీ సభల?”

ఆయన నవ్వి, ఆ గీతల మీద ప్రశ్నలు రాసి కాగితం నా వైపు తిప్పారు. ‘సదరు గ్రామంలో పిల్లకాలువ పని పూర్తి కాని మాట వాస్తవమేనా?’ అని మొదలైంది. మా ఊరి కష్టం అంత పొందికగా కూర్చోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

“కాలువకు సంబంధించిన కాగితాలు ఏమన్న ఉన్నయా మీ దగ్గర?” అని అడిగారు.

“ఏం లేవు సారూ” అన్నాను. అబద్ధమాడాలని కాదు. నేను రాసిన ధన్యవాదాలు నా మనసులో దండంగానే ఉండిపోయాయి. దండం కూడా కాగితమవుతుందని తట్టలేదు.

కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేశారు. మన ప్రశ్న జాబితాలోకి వచ్చింది, ఫలానా రోజు పొద్దున ప్రశ్నోత్తరాల సమయంలో టీవీ చూడండి అన్నారు. ఆ రోజు మా ఇంట్లో రోడ్డుకు కింది ఆడవాళ్లు ఏడెనిమిది మంది చేరారు. విత్తనానికి పల్లికాయ ఒలుస్తూ కూర్చున్నాం. చాటల చప్పుడు తప్ప ఏం లేదు. టీవీలో మా ఊరి పేరు వినపడగానే ఆ చప్పుడూ ఆగింది.

మంత్రిగారు లేచారు. మర్యాదగానే, నెమ్మదిగానే మాట్లాడారు. “లేదండీ. ప్రశ్న ఉత్పన్నం కాదు. ఉత్పన్నం కాదు” అని మూడు ముక్కల్లో చెప్పి కూర్చున్నారు.

మా ఎమ్మెల్యే మళ్లీ లేచారు. “అధ్యక్షా, చివరి పొలాలకు చుక్క నీరు అందుతలేదని రైతులు మొర పెట్టుకుంటున్నరు.”

మంత్రిగారు ఒక కాగితం పైకెత్తారు. “అధ్యక్షా, గౌరవ సభ్యుల సమాచారం కోసం చెబుతున్నా. ఆ గ్రామ రైతులే తమ అందరి పొలాలకు నీళ్లు వచ్చాయని సంతకాలు చేసి ధన్యవాదాలు తెలిపారు.” అంటూ ఆ కాగితం చదివారు. కృష్ణమ్మ మా గడప తొక్కింది. మా ఊరి రైతులందరి పొలాలూ తడిశాయి. ఈ మేలు మరవలేము.

మా ఎమ్మెల్యే చేతిలో కాగితాలు అటూ ఇటూ తిప్పారు. స్పీకర్ తర్వాతి ప్రశ్న పిలిచారు. అది వేరే జిల్లాలో ఏదో హాస్టల్ సంగతి.

మా ఇంట్లో ముందుగా ఒక ముసలావిడ మాట్లాడింది. “మస్తు రాసినవ్ బిడ్డా. అసెంబ్లీల సదివిరి.” ఆమె మెచ్చుకుందో దెప్పిందో ఇప్పటికీ తెలియదు.

తోటికోడలు ఒడిలోని పొట్టు దులిపి లేచింది. “నా ఏలుతోని నా కన్నే పొడిపించినవ్ గదక్కా” అంది. గట్టిగా అనలేదు. తన చాట తీసుకుని వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే లేచారు.

మర్నాడు పొద్దున రామకోటి పుస్తకం తెరిస్తే చెయ్యి ముందుకు సాగలేదు. ఏ అక్షరాన్ని చూసి నాకు లోపల కొంచెం గర్వం ఉండేదో, ఆ అక్షరమే అక్కడ కాలువకు అడ్డం పడి ఉంది. స్వామీ, మేలు మరవకపోవడం తప్పెట్లా అయింది అని అడిగాను. జవాబు రాలేదు గానీ కాసేపటికి ఒక సంగతి తోచింది. మేలు జరిగింది నాకు. తడిసింది నా చేను. నేను నా మేలుకు వాళ్లతో దండం పెట్టించాను.

మా ఆయనతో చెప్పాను, మళ్లీ వెళ్తానని. మేం పైచేను వాళ్లం. నీళ్లు రోడ్డు దాటితే మా వంతు తగ్గుతుందని పైవాళ్లు అప్పటికే గొణుగుతున్నారు. అయినా ఆయన బండి తాళం తీసుకుని, “నడువ్, బస్సు కాడ దింపుత. తమ్ముని పిల్ల గదా” అన్నాడు. ఆయనకు నేను చెప్పుకోని కృతజ్ఞతల్లో అదొకటి.

పంతులు గారు నన్ను చూడగానే కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ఆరోజు అడిగిన గదమ్మా, కాగితాలున్నయా అని.”

“అది దండం సారూ. కాగితం అనుకోలే.”

“దేవుని తాన దండం దండమే. సర్కారు తాన పెట్టిన దండం పని అయిపోయిందన్న రసీదు.” ఆ మాట కోపంగా అనలేదు. బడిలో చివరి బెంచీ పిల్లకు లెక్క మళ్లీ చెప్పినట్టు అన్నారు. “ఒకసారి జవాబు చెప్పిన ప్రశ్న ఈ సమావేశాలల్ల మళ్ల అడగనియ్యరు. కని ఒక తోవ ఉంది. వేరే జిల్లా సభ్యుడొకాయన ఇంకో ప్రశ్న ఏసిండు, కాలువల మీద ఎంత ఖర్చు చేసిండ్రు, చివరి భూములకు నీళ్లెంత అందినయి అని. వచ్చే వారం వస్తది. దాని మీద మన సారు లేచి అనుబంధ ప్రశ్న అడగొచ్చు. ఒక్కటే అడగొచ్చు. ఈసారి లేదండీ అని తప్పించుకునే సందు ఉండొద్దు.”

ఇద్దరం ఆలోచనలో పడ్డాం. కాలువ పూర్తయిందా అంటే అయిందనే అంటారు. రెండు వైపులా తవ్వారు కాబట్టి అందులో అబద్ధం కూడా లేదు.

“రోడ్డు కింద తూము ఉందా లేదా అని అడగొచ్చు గద సారూ?” అన్నాను.

“ఏ రోడ్డు?”

నేను ఆయన ముఖం చూశాను. ఆయన నిజంగానే అడుగుతున్నారు. రోడ్డు సంగతి ఆయనకు తెలియదు. మొదటిరోజు ఇద్దరం అంతసేపు చెప్పాం గానీ రోడ్డు గురించి, తూము గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

“ముందుగాల ఎందుకు చెప్పలే అమ్మా?”

“అందరికి తెల్సిందే గద సారూ.”

“అందరంటే ఎవరు? మీ ఊళ్లె బర్లకు గూడ తెల్సుండొచ్చు. హైదరాబాదుల ఎవరికి తెల్సు?”

సిగ్గుపడ్డాను, నవ్వూ వచ్చింది. ఆయన ఒక్క వాక్యం రాశారు. సదరు గ్రామంలో పిల్లకాలువ నీరు తారురోడ్డును దాటడానికి తూము నిర్మించారా, లేదా? దీనికి ఉందనో లేదనో చెప్పాలి తప్ప మూడో జవాబు లేదు.

“కని మళ్ల ఆ సంతకాల కాగితం ఎత్తి చూపిస్తే?” అన్నారాయన. “జనం మాట మార్చిండ్రంటరు.”

“రాసింది నేను. నేనే ఇంకోటి రాస్త” అన్నాను.

అక్కడే బల్ల చివర కూర్చుని రాశాను. ఆ లేఖ రాసింది నేనే. నా చేను రోడ్డుకు పైన ఉంది, నీళ్లు వస్తున్నాయి, అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలినే. రోడ్డుకు కిందివాళ్లు నీళ్లు చూసి సంతకం పెట్టలేదు, నా మాట విని పెట్టారు. వాళ్లకు నీళ్లు రాలేదు. రోడ్డు కింద తూము లేదు. తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. తూము మాత్రం నేను వేయలేను.

ఆయన చదివి, కృతజ్ఞురాలినన్న మాట దగ్గర వేలు పెట్టారు. “ఇది తీసేద్దామమ్మా. మళ్ల దీన్నే పట్టుకుంటరు.”

“తీయొద్దు సారూ. వచ్చిన నీళ్లు వచ్చినయి. అబద్ధమెట్ల చేస్త?”

ఆయన నిట్టూర్చి కాగితం మడిచి ఫైలులో పెట్టారు.

ఆ తర్వాతి వారం టీవీ ముందు నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఎవరినీ పిలిచే ముఖం లేదు. ప్రశ్న మొదలయ్యాక వాకిట్లో ఎవరో నిలబడిన నీడ కనిపించింది. తోటికోడలు. లోపలికి రాలేదు, కూర్చోలేదు, ద్వారబంధానికి ఆనుకుని చూసింది.

ఖర్చు లెక్కలు చాలాసేపు నడిచాయి. తర్వాత మా ఎమ్మెల్యేకు ఒక్క నిమిషం ఇచ్చారు. ఆయన నా ఉత్తరం చదివారు. తూము మాత్రం నేను వేయలేను అన్నచోట సభలో కొందరు నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు, నాకు అలాగే అనిపించింది. తర్వాత ఆ ఒక్క ప్రశ్న అడిగి కూర్చున్నారు.

మంత్రిగారు వెనక్కి తిరిగి అధికారుల వైపు చూశారు. ఒక చీటీ వచ్చింది. చదివారు. ఇంకో చీటీ వచ్చింది. “అధ్యక్షా, వివరాలు తెప్పిస్తాం. అక్కడ తూము లేకపోతే నెల లోపల వేయిస్తామని సభకు హామీ ఇస్తున్నా” అన్నారు.

“లేకపోతే అంటుండు” అంది తోటికోడలు ద్వారం దగ్గర నుంచే. “ఉన్నదో లేదో తెల్వదా ఆయనకు?”

“తెల్వదనే ఒప్పుకున్నడు గదా. మొన్నటికి ఇది నయం.”

“నువ్వు ఎవ్వరిని ఒక్క మాట అననియ్యవు” అని చెంగు విదిలించింది. కానీ పోకుండా వచ్చి గడప మీద కూర్చుంది. “చాయ్ పెట్టు” అంది.

సాయంత్రం పంతులు గారు ఫోన్ చేసి చెప్పారు. సభలో మంత్రి చేస్తానన్న ప్రతి మాటనూ హామీల కమిటీ రాసి పెట్టుకుంటుందట, అయ్యేదాకా అడుగుతూనే ఉంటుందట. అడగడానికి ఒక కమిటీనే ఉందని విని నా మనసు తేలికపడింది. అడగడం మర్యాద తప్పడమని అంతకాలం నేననుకునేదాన్ని.

కానీ మేస్త్రి కమిటీ కోసం ఆగడు. దీపావళి పోగానే పుస్తకం పట్టుకుని వచ్చాడు. మరిది మా ఇంటికి వచ్చి నిలబడ్డాడు. “వదినా, ఉండమంటవా, పొమ్మంటవా? నువ్వు చెప్పినట్టే చేస్త.”

ఉండు, దేవుడున్నాడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. “మాటైతే వచ్చింది. నీళ్లు రాలేదు. నేను చూసింది ఇంతే” అన్నాను.

“అయితే నేనొక్కన్నే పోత. తల్లీబిడ్డలు ఉంటరు” అన్నాడు. వాళ్లిద్దరు లేకుండా ఆయన పుణె వెళ్లడం అదే మొదలు.

నెల పోయింది. రోడ్డు అంచున ఎవరో వచ్చి తెల్లరంగుతో గీతలు గీసి వెళ్లారు, అంతే. తోటికోడలు ఒలిచి పెట్టుకున్న విత్తనాన్ని పైది కిందికి, కిందిది పైకి తిరగేస్తూ ఉండేది. పల్లి అదను దాటిపోయింది. పంతులు గారు హామీల కమిటీ ఆఫీసుకు రెండుసార్లు ఉత్తరం పంపారట. ఆ తర్వాత ఒకరోజు సిమెంటు పైపులు దిగాయి. బస్సులు ఆగకుండా రోడ్డును సగం ఒకసారి, సగం ఒకసారి కోసి దించారు. అదంతా అయ్యేసరికి పుష్య మాసం వచ్చింది.

నీళ్లు వదిలిన పొద్దున నేను మరిదికి ఫోన్ చేశాను. వెనక యంత్రాల చప్పుడులో ఆయన గొంతు అరిచినట్టు వచ్చింది.

“నీళ్లొచ్చినయా? విన్నవా, చూసినవా?”

“చూసిన.”

“నువ్వే చూసినవా?”

“నా కాళ్లు తడిసినయి.”

“ఎంత మందం?”

“మడిమ మునిగేంత.”

“ఎక్కడిదాక?”

“మీ మొదటి మడిదాక.”

“ఆఖరి మడికి ఎక్కిందా?”

“చూడలే.”

“చూసి చెప్పు వదినా. అది తెల్సేదాక మేస్త్రికి ఏం చెప్ప.”

సభలో ఇంత మంది ఉండి ఇలా ఒక్కరూ అడగలేదు కదా అనుకున్నాను. ఫోన్ చేతిలోనే పెట్టుకుని గట్టు వెంట నడిచాను. నీరు నాకంటే నెమ్మదిగా వస్తోంది. ఎండుటాకులను ముందుకు తోసుకుంటూ, ఎలుకబొక్కల దగ్గర ఆగి, అవి నిండాక మళ్లీ కదులుతోంది. ఆఖరి మడి దగ్గర తోటికోడలు పార పట్టుకుని గండి కొడుతోంది. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టింది. నీళ్లు ఆమె పక్కనుంచి లోపలికి జారి, చివరి గట్టును తాకి, అక్కడ పలచగా పరుచుకున్నాయి. తాకేదాకా చూశాను.

మళ్లీ ఫోన్ చేశాను. “ఆఖరి గట్టుకు తగిలినయి. నా కండ్ల ముందట.”

“రేపు బస్సెక్కుత. పల్లి అదను పోయింది, నువ్వులేద్దాం. విత్తనం చూసి పెట్టమను” అన్నాడు.

నేను ఆ మాట ఆమెకు అందించాను. ఆమె పార ఆపకుండానే అరిచింది. “చూసుడేంది, తెచ్చే పెట్టిన! ఇక్కడ పండుకున్న అనుకుంటుండా? నువ్వు నడిమిట్ల నిలబడకక్కా, అటు పక్క గట్టు జారుతున్నది, జర తొక్కు.”

ఫోన్ కొంగున చుట్టి, గట్టు తొక్కడానికి దిగాను.